పాత ఎలెక్‌ట్రాక్ ఛార్జర్ టైమర్ మొరాయిస్తే: లోపం ఎక్కడుందో తేల్చుకుని సరిచేసుకునే పద్ధతి

శనివారం సాయంత్రం 6 గంటలకి నా పాత బ్యాటరీ ట్రాక్టర్ ఛార్జర్ టైమర్ డయల్‌ని 6 గంటల మీద పెట్టి, ప్లగ్ గుచ్చి, లోపలికి వెళ్ళిపోయాను. ఆదివారం పొద్దున గ్యారేజీ తలుపు తీయగానే కుళ్ళిన కోడిగుడ్డు వాసన గుప్పుమంది. ట్రాక్టర్‌లోంచి ఛార్జర్ ఇంకా గుయ్‌మని రొద పెడుతూనే ఉంది. డయల్ ముల్లు 4 దగ్గర ఆగిపోయి ఉంది. బ్యాటరీల పైభాగమంతా తడి తడిగా, చేయి పెడితే చురుక్కుమనేంత వేడిగా ఉంది. రాత్రంతా 6 బ్యాటరీలూ మరుగుతూనే ఉన్నాయన్నమాట. ఒక్క చిన్న టైమర్ తిరగనందుకు అందులో రెండు బ్యాటరీలు పోయాయి.

అమెరికాలో ఇల్లు కొనుక్కుని, ఎకరం అరెకరం గడ్డి చూసుకోవాల్సి వచ్చి, పాత సామాన్ల మోజు కూడా ఉన్న మనవాళ్ళ చేతికి ఈ బండి అప్పుడప్పుడూ వస్తుంటుంది. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ 1969లో న్యూయార్క్ రాష్ట్రంలోని షెనెక్టడీ నుంచి ఎలెక్‌ట్రాక్ పేరుతో ఈ బ్యాటరీ ట్రాక్టర్లని తెచ్చింది. ఇ12, ఇ15, ఇ20 వంటి మోడళ్ళు ఇప్పటికీ దొరుకుతాయి. పెద్ద బళ్ళలో 6 వోల్టుల బ్యాటరీలు ఆరు, అన్నీ సీరీస్‌లో, మొత్తం 36 వోల్టులు. గోల్ఫ్ బళ్ళలో వాడే రకం లెడ్ యాసిడ్ బ్యాటరీలే సరిపోతాయి. ఇనుము మందంగా ఉంటుంది, వైరింగ్ కళ్ళకి కనపడేలా ఉంటుంది, చిప్పులూ సాఫ్ట్‌వేరూ ఏమీ ఉండవు. మల్టీమీటర్ పట్టుకోవడం వచ్చిన ఎవరైనా బాగుచేసుకోవచ్చు.

టైమర్ సంగతికొస్తే, దాని గురించి ముందే ఒకటి తెలుసుకోవాలి. ఇప్పటి ఛార్జర్లు బ్యాటరీ వోల్టేజీ చూసుకుని వాటంతటవే ఆగుతాయి. ఈ టైమర్‌కి బ్యాటరీ ఒకటుందన్న సంగతే తెలియదు. గంటలు లెక్కపెట్టి స్విచ్ ఆపేయడమొక్కటే దాని పని. అందుకే అది చెడితే నష్టం రెండు రకాలుగా ఉంటుంది. ఆగకపోతే నీళ్ళు మరిగిపోయి ప్లేట్లు బయటపడతాయి. ముందే ఆగిపోతే బ్యాటరీలు సగం ఆకలితో ఉండి సల్ఫేట్ పట్టి చస్తాయి. రెండోది మెల్లగా జరుగుతుంది కాబట్టి చాలామంది టైమర్‌ని అనుమానించరు, బ్యాటరీలే నాసిరకమని తిట్టుకుంటారు.

ఇక తిరగేసిన కథ కూడా ఉంది. ఛార్జింగ్ కాకపోగానే టైమర్ పోయిందని కొత్తది కొనేసి, బిగించాక చూస్తే తప్పు కెపాసిటర్‌దో ఫ్యూజుదో అని తేలడం. అలా కొన్న టైమర్ ఒకటి నా డబ్బాలో ఇప్పటికీ కవరు తీయకుండా పడి ఉంది.

చేయి పెట్టే ముందు

ఈ జాగ్రత్తలు ఏదో రాయాలని రాసినవి కావు.

ప్లగ్ పీకండి. పీకిన ప్లగ్‌ని మీ కళ్ళెదుట పెట్టుకోండి, లేకపోతే ఇంట్లో ఎవరో ఒకరు మంచి మనసుతో మళ్ళీ గుచ్చుతారు. ఉంగరం, వాచీ, చేతి గొలుసు తీసేయండి. 36 వోల్టులకి షాక్ పెద్దగా తగలదు కానీ, ఆ బ్యాటరీల టెర్మినళ్ళ మధ్య పానా అడ్డంగా పడితే ఇనుము ఎర్రగా కాలుతుంది. పానా పిడికి టేపు చుట్టుకోండి.

ఛార్జింగ్ అయ్యేటప్పుడు బ్యాటరీల నుంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది 4 శాతం దాటితే ఒక్క నిప్పురవ్వ చాలు. గ్యారేజీ తలుపు తెరిచి ఉంచండి, సీటు కింద మూత కూడా.

అన్నిటికన్నా ప్రమాదమైనది ఛార్జర్ పెట్టెలోని కెపాసిటర్. ఇది ఫెర్రోరెజొనెంట్ రకం ఛార్జర్. ట్రాన్స్‌ఫార్మర్‌కి ఒక నూనె కెపాసిటర్ జతచేసి ఉంటుంది, నడిచేటప్పుడు దాని మీద కొన్ని వందల వోల్టులు ఉంటాయి. ప్లగ్ పీకాక కూడా కొంత మిగిలి ఉండొచ్చు. 10 నుంచి 20 కిలో ఓమ్‌ల మధ్య, 5 వాట్లకి తక్కువ కాని రెసిస్టర్‌కి ఇన్సులేటెడ్ క్లిప్పులు తగిలించి, ఆ రెండు టెర్మినళ్ళ మధ్య కొన్ని సెకన్లు పెట్టండి. తర్వాత మీటర్‌తో సున్నా అయిందని చూసుకోండి. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి టప్‌మనిపించే పద్ధతి మన మోటార్ షాపుల్లో కనిపిస్తుంది, అది వద్దు.

రొద చెప్పే కబురు

మీటర్ తీయకముందు చెవి పెట్టండి. ఫెర్రో ట్రాన్స్‌ఫార్మర్ మామూలు ట్రాన్స్‌ఫార్మర్ కన్నా గట్టిగా మోగుతుంది. బ్యాటరీలు తగిలించి ఉండగా ప్లగ్ గుచ్చి, డయల్ తిప్పి, పావుగంట గమనించండి. డయల్ మీద చిన్న టేపు ముక్క అంటించి పెన్సిల్‌తో గీత గీస్తే ముల్లు కదిలిందో లేదో తెలుస్తుంది.

రొద లేదు, డయలూ కదలడం లేదు అంటే కరెంటు అక్కడిదాకా రావడం లేదు, లేదా టైమర్ లోపలి కాంటాక్టులు (కరెంటుని కలిపి విడదీసే వెండి బొట్లు) కలవడం లేదు. రొద ఉంది, డయల్ కదలడం లేదు అంటే టైమర్ మోటారో పళ్ళ చక్రాలో పట్టేశాయి. నాకు జరిగింది ఇదే. డయల్ సున్నాకి వచ్చింది, రొద ఆగలేదు అంటే కాంటాక్టులు అతుక్కుపోయాయి. రొద ఉంది, డయలూ సరిగ్గానే తిరుగుతోంది, కానీ బ్యాటరీలకి ఛార్జి ఎక్కడం లేదు అంటే టైమర్‌ని వదిలేయండి, లోపం దాని తర్వాత ఉంది.

ఇక్కడ ఒక చిన్న కిటుకు. మోటారుతో తిరిగే టైమర్లలో ఆ మోటారుకి కరెంటు సాధారణంగా కాంటాక్టుల అవతలి వైపు నుంచే అందుతుంది. సున్నా దగ్గర కాంటాక్టులు విడిపోగానే మోటారు కూడా ఆగాలి కదా. కాబట్టి రొద, కదలిక రెండూ లేకపోతే మోటారుని అనుమానించాల్సిన పని లేదు. ముందు కాంటాక్టులు చూడండి.

మీ బండిలో ఉన్నది అసలు మోటారు టైమరేనా? ఇన్నేళ్ళలో ఎవరెవరో ఏవేవో మార్చి ఉంటారు. ప్లగ్ పీకి డయల్ తిప్పి చెవి దగ్గర పెట్టండి. పాత గోడ గడియారంలా టిక్ టిక్ అంటే అది స్ప్రింగ్ టైమర్, దానికి మోటారు లేదు. నిశ్శబ్దంగా ఉంటే సింక్రనస్ మోటారు రకం.

బయట నుంచి లోపలికి

గోడ సాకెట్‌లో టేబుల్ ల్యాంపు పెట్టి చూడండి. నవ్వకండి, గ్యారేజీల్లో గ్రౌండ్ ఫాల్ట్ సాకెట్ ఉంటుంది, అది 5 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడిపోతుంది. 50 ఏళ్ళ నాటి ట్రాన్స్‌ఫార్మర్ మీద తేమ పట్టినా, ఎలుక గూడు కట్టి గలీజు చేసినా ఆ మాత్రం లీకవుతుంది. పదే పదే పడుతుంటే సాకెట్‌ని తిట్టకుండా ఛార్జర్ పెట్టె తెరిచి దుమ్ము దులిపి ఆరనివ్వండి. సాకెట్ మార్చేసి ఆ రక్షణ తీసేసుకోవడం మాత్రం చేయొద్దు.

ఎక్స్‌టెన్షన్ తీగ వాడుతుంటే అది 14 గేజి కన్నా సన్నం కాకూడదు. క్రిస్మస్ దీపాల తీగతో ఛార్జ్ చేస్తే ట్రాన్స్‌ఫార్మర్‌కి వోల్టేజీ అందదు, తీగ వేడెక్కుతుంది. ప్లగ్ పిన్నులు నల్లబడ్డాయేమో చూడండి. తీగ ట్రాక్టర్‌లోకి దూరే చోట రబ్బరు పగిలి ఉంటుంది, అక్కడ వంచి చూడండి.

తెరిచాక, ఏ వైరు ఎక్కడ ఉందో ఫోన్‌తో రెండు మూడు ఫొటోలు తీసుకోండి. తర్వాత వైరుని వేలితో పట్టుకుని వెంబడించండి: ప్లగ్ నుంచి టైమర్, టైమర్ నుంచి ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ (కరెంటు లోపలికి వెళ్ళే చుట్ట), సెకండరీ (బయటికి వచ్చే చుట్ట) నుంచి ఏసీని డీసీగా మార్చే డయోడ్లు, అక్కడి నుంచి ఫ్యూజు, బ్యాటరీ. అమెరికా వైరింగ్‌లో నలుపు ఫేజు, తెలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. పాత బండిలో ఎవరైనా తారుమారు చేసి ఉండొచ్చు, రంగుని నమ్మకుండా కొలవండి.

ఒక్క కొలతతో మూడు జవాబులు

ఎక్కువమంది మీటర్‌ని కంటిన్యుటీలో (దారి తెగలేదని బీప్‌తో చెప్పే స్థానం) పెట్టి, బీప్ అనగానే టైమర్ బాగుందని తేల్చేస్తారు. ఆ బీప్ మోసం చేస్తుంది. మీటర్ పంపేది మిల్లీ ఆంపియర్ అంత కరెంటు. కాలిన కాంటాక్టు కూడా అంత చిన్న కరెంటుని పంపగలదు. అసలు లోడు పడినప్పుడే దాని బండారం బయటపడుతుంది.

నేను చేసేది ఇలా. ప్లగ్ పీకి ఉండగానే మీటర్ రెండు ప్రోబ్‌లకి మొసలి క్లిప్పులు తగిలించి, టైమర్ కాంటాక్టుల రెండు టెర్మినళ్ళకి ఒక్కో క్లిప్పు పెడతాను. మీటర్ ఏసీ వోల్టుల్లో ఉండాలి. చేతులు దూరంగా తీసి, డయల్ సున్నా మీద ఉండగా ప్లగ్ గుచ్చుతాను.

1. డయల్ సున్నా, మీటర్ 120 దగ్గర చూపిస్తే సంతోషం. గోడ నుంచి కరెంటు వస్తోంది, కాంటాక్టులు విడిపోయే ఉన్నాయి, స్ప్రింగ్ టైమర్ అయితే ప్రైమరీ చుట్ట కూడా తెగలేదు. డయల్ సున్నా, మీటరూ సున్నా, రొద కూడా లేకపోతే సప్లై రావడం లేదు, లేదా ప్రైమరీ తెగింది. మీటర్ సున్నా ఉండి రొద వస్తుంటే కాంటాక్టులు అతుక్కున్నాయి.

2. ఇప్పుడు డయల్‌ని ప్లాస్టిక్ పిడి పట్టుకుని 2 గంటలకి తిప్పండి. మీటర్ 120 నుంచి దాదాపు సున్నాకి పడాలి. 0.1, 0.2 వోల్టులు ఉంటే కాంటాక్టులు భేషుగ్గా ఉన్నాయి. 120 అలాగే నిలబడితే కాంటాక్టులు కలవడం లేదు.

3. ఒకటి రెండు వోల్టులు చూపిస్తూ అంకె ఊగుతుంటే కాంటాక్టులు కాలాయి. ఛార్జర్ 8 ఆంపియర్లు లాగుతోందనుకోండి, 2 వోల్టులు అక్కడే పోతే 16 వాట్లు ఆ గోరంత చోట వేడిగా మారుతున్నాయి. చిన్న సోల్డరింగ్ ఐరన్‌కి అంత వేడి చాలు. టైమర్ వెనక ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరగడానికి, టెర్మినల్ వదులైపోవడానికి కారణం అదే.

మూడోది కనిపిస్తే కాంటాక్టుని నిందించే ముందు ప్లగ్ పీకి టెర్మినల్ స్క్రూలు, స్లిప్-ఆన్ క్లిప్పులు బిగించి మళ్ళీ కొలవండి. సగం సార్లు వదులు క్లిప్పే దొంగ.

పట్టేసిన మోటారు, గట్టిపడ్డ గ్రీజు

ప్లగ్ పీకి మోటారు తీగల్లో ఒకటి విడదీసి చుట్ట రెసిస్టెన్స్ కొలవండి. కొన్ని వందల నుంచి కొన్ని వేల ఓమ్‌లు వస్తే చుట్ట బతికే ఉంది. అసలేమీ చూపించకపోతే తెగింది. వెంట్రుక కన్నా సన్నటి తీగ అది, విప్పి అతికే పని పెట్టుకోకండి.

చుట్ట బాగుండి తిరగకపోతే పళ్ళ చక్రాల డబ్బా విప్పాలి. నా దాంట్లో గ్రీజు ఎండిన తుమ్మజిగురులా ముద్దకట్టి, చక్రాల మధ్య తేనెరంగు పలకలుగా అంటుకుని ఉంది. వేసవిలో మెత్తబడి ఎలాగో తిరిగింది, అక్టోబరు చలి పడేసరికి బిగుసుకుపోయింది. ఎండాకాలం బాగుండి చలికాలం మొరాయించే టైమర్ అంటే నూటికి తొంభై పాళ్ళు గ్రీజే.

పుల్లతో గీకి, ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత గుండుసూది మొనతో ప్రతి ఇరుసుకీ ఒక్క చుక్క గడియారం నూనె, లేదా కుట్టుమిషన్ నూనె. పళ్ళ మీద వేయొద్దు, కాంటాక్టుల దగ్గరికి అసలే పోనివ్వొద్దు. డబ్ల్యూడీ-40 కొట్టేస్తే ఆ రోజుకి తిరుగుతుంది, కొన్నాళ్ళకి మళ్ళీ జిగురు. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె వేస్తారేమో, అది 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది.

బిగించాక కాలం సరిచూడండి. ముందు 1 గంట, తర్వాత 3 గంటలు, వీలైతే ఒకసారి మొత్తం. ఫోన్‌లో అలారం పెట్టుకుని పక్కనే ఉండండి. ఒక పన్ను అరిగితే ఆ ఒక్క చోటే ఆగుతుంది కాబట్టి చిన్న పరీక్ష ఒక్కటే సరిపోదు.

సింక్రనస్ మోటారు సప్లై ఫ్రీక్వెన్సీని బట్టి తిరుగుతుంది. అమెరికాలో 60 హెర్ట్జ్. ఈ బండిని ఓడలో వేసుకుని విజయవాడో వరంగలో తేవాలనుకునే వాళ్ళకి ఒక మాట: 230 నుంచి 120కి దించే ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే చాలదు. మన 50 హెర్ట్జ్ మీద 12 గంటల టైమర్ సున్నాకి రావడానికి 14 గంటల 24 నిమిషాలు పడుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు, ఫెర్రో ట్రాన్స్‌ఫార్మర్ 60 హెర్ట్జ్‌కి శ్రుతి చేసినది. ఫ్రీక్వెన్సీ తగ్గితే ఔట్‌పుట్ వోల్టేజీ కూడా పడిపోయి బ్యాటరీలు నిండవు. ఇండియాలో అక్కడి 36 వోల్టుల ఛార్జర్ కొనుక్కోవడమే మేలు.

కాంటాక్టులు పోతే

డబ్బా స్క్రూలతో ఉంటే తెరిచి చూడొచ్చు. వెండి బొట్ల మీద నల్లటి మసి మాత్రమే ఉంటే, గట్టి విజిటింగ్ కార్డు ముక్కని మధ్యలో పెట్టి, బొట్లు మెల్లగా నొక్కి లాగండి. నాలుగైదు సార్లకి మెరుస్తాయి. గరుకు కాగితం వాడితే పైన ఉన్న వెండి పోతుంది. గుంటలు పడి, అంచులు కరిగి ఉంటే రుద్దడం దండగ. రివెట్లు కొట్టిన డబ్బా అయితే నేను తెరవను, మార్చేస్తాను.

మార్చేటప్పుడు చూడాల్సినవి: పాతదాని గంటల పరిధి, డయల్ ఇరుసు పట్టేలా ఉందా, ఇంకా ముఖ్యంగా కాంటాక్టు రేటింగు. ట్రాన్స్‌ఫార్మర్ ఆన్ అయిన క్షణంలో మామూలు కరెంటుకి ఎన్నో రెట్లు లాగుతుంది, కాంటాక్టులు అతుక్కునేది ఆ క్షణంలోనే. 120 వోల్టుల దగ్గర 20 ఆంపియర్ల రేటింగు ఉన్నది తీసుకోండి. 12 గంటల స్ప్రింగ్ టైమర్లు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి. వాటిలో హోల్డ్ అనే స్థానం ఉన్నవీ లేనివీ రెండూ ఉంటాయి. హోల్డ్ లేనిదే కొనండి. పొరపాటున హోల్డ్ మీద పడితే అది ఎప్పటికీ ఆగదు, నా ఆదివారం మీకూ వస్తుంది. కొత్తదాన్ని ఫేజు వైరులోనే పెట్టాలి, న్యూట్రల్‌లో కాదు.

పాత డయల్ ముఖం పోగొట్టుకోవడం ఇష్టం లేకపోతే ఇంకో దారి ఉంది, నాకు ఇదే నచ్చింది. మోటారు బాగుండి, కాంటాక్టులు ఓ మోస్తరుగా ఉంటే, 120 వోల్టుల కాయిల్ ఉన్న 30 ఆంపియర్ల కాంటాక్టర్ ఒకటి పక్కన బిగించండి. పాత టైమర్ ఆ కాయిల్‌కి మాత్రమే కరెంటు ఇస్తుంది, ఛార్జర్ బరువు కాంటాక్టర్ మోస్తుంది. మన ఊళ్ళో బోరు మోటారు స్టార్టర్ చేసే పనే ఇది. కాంటాక్టర్‌ని బ్యాటరీల పైన బిగించకండి. అది కలిసినప్పుడల్లా నిప్పురవ్వ వస్తుంది, కింద హైడ్రోజన్ ఉంటుంది.

టైమర్ తప్పు కాదని తేలితే

రొద ఉండి బ్యాటరీలకి ఛార్జి ఎక్కకపోతే ముందు డీసీ ఫ్యూజు చూడండి. తర్వాత డయోడ్లు. ఒక కొస విడదీసి మీటర్ డయోడ్ స్థానంలో కొలిస్తే ఒక వైపు 0.4 నుంచి 0.7 వరకు చూపాలి, తిప్పి పెడితే ఏమీ చూపకూడదు. రెండు వైపులా సున్నా అయితే షార్ట్, ఫ్యూజు ఎగరడానికి కారణం అదే.

కెపాసిటర్ ఉబ్బినా, నూనె కారినా మార్చేయండి. చూడ్డానికి బాగున్నా మైక్రోఫారడ్లు కొలవండి. దాని మీద రాసినదానికన్నా 10 శాతం పైగా తగ్గితే ఔట్‌పుట్ దెబ్బతింటుంది. కొత్తది అవే మైక్రోఫారడ్లు, అంతే లేదా ఎక్కువ వోల్టేజీ ఉన్న ఏసీ రన్ కెపాసిటర్ అయి ఉండాలి. మోటారు మొదలయ్యే క్షణానికి మాత్రమే పనికొచ్చే స్టార్ట్ కెపాసిటర్ పెడితే పగులుతుంది. పాతదాన్ని చెత్తబుట్టలో వేయొద్దు, ఆ కాలం నూనెల్లో పీసీబీ అనే విషం ఉండే అవకాశం ఉంది. ప్రమాదకర చెత్త తీసుకునే చోట ఇవ్వండి.

డయల్ ఎన్ని గంటల మీద పెట్టాలి

టైమర్ బాగయ్యాక కూడా ఎన్ని గంటలన్నది మీరే చెప్పాలి. 220 ఆంపియర్ అవర్ల బ్యాటరీల్లో సగం వాడారనుకోండి, 110 పోయింది. లెడ్ యాసిడ్‌కి పోయినదానికన్నా 15 శాతం దాకా ఎక్కువ తిరిగివ్వాలి, అంటే 126. ఛార్జర్ సగటున 15 ఆంపియర్లు ఇస్తుంటే 8 గంటల 24 నిమిషాలు. ఇది ఉజ్జాయింపు లెక్క, ఎందుకంటే చివర్లో కరెంటు తగ్గుతూ పోతుంది.

అసలైన లెక్క యాసిడ్ చిక్కదనం (గ్రావిటీ) కొలిచే హైడ్రోమీటర్ చెబుతుంది. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీకి గ్రావిటీ చూసిన వాళ్ళకి ఇది కొత్త కాదు. సెలవు రోజున ఛార్జింగ్ పెట్టి, చివరి గంటల్లో గంటకోసారి ఛార్జర్ ఆపి, ఒకే సెల్‌లో గ్రావిటీ చూసి గోడ మీద రాసుకోండి. వరుసగా మూడు సార్లు మారకపోతే బ్యాటరీ నిండింది. 27 డిగ్రీల దగ్గర 1.265 నుంచి 1.280 మధ్య ఉండాలి. చల్లగా ఉంటే ప్రతి 5.5 డిగ్రీలకీ 0.004 తీసేసి చూసుకోండి. అన్ని సెల్‌లకీ ఒకసారి చూడండి, ఒక్కటే 0.050 తేడాతో వెనకబడి ఉంటే ఆ బ్యాటరీ రోగిష్టిది, టైమర్ ఎన్ని గంటలు పెట్టినా కోలుకోదు. ఆపిన కొన్ని గంటల తర్వాత మొత్తం 38 వోల్టుల పైన నిలబడితే మంచిది.

ఛార్జింగ్ ముందు ప్లేట్లు మునిగేంత, అయ్యాక నిండుగా, డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. ఈ బండిలో లిథియం బ్యాటరీలు పెట్టుకున్న వాళ్ళు ఈ ఛార్జర్‌ని, ఈ టైమర్‌ని తీగలు విడదీసి పక్కన పెట్టేయాలి. గంటలు లెక్కపెట్టే స్విచ్ చేతిలో లిథియం పెట్టకూడదు.

ఇప్పుడు నేను గోడకీ ప్లగ్‌కీ మధ్య 15 ఆంపియర్ల వాట్‌మీటర్ ఒకటి పెట్టాను. రాత్రి ఎన్ని యూనిట్లు కాలాయో పొద్దున కనిపిస్తుంది. మామూలుగా వచ్చే అంకె కన్నా ఎక్కువుంటే ఆ రోజు టైమర్ ఎక్కడో ఆగి నడిచిందన్నమాట. పైగా ఫోన్‌లో ఒక అలారం కూడా పెట్టుకుంటున్నాను, డయల్ సున్నాకి రావాల్సిన టైముకి పావుగంట తర్వాత మోగేలా. మా ఆవిడ నవ్వుతుంది కానీ, గ్యారేజీలో మళ్ళీ ఆ కోడిగుడ్డు వాసన మాత్రం రాలేదు.